ప్రార్థన పుస్తకం మీది బాల్ జాయింట్

ఈ వయసులో కూడా నాకు కుళ్ళు పోలేదు. మోకాళ్ళు పోయాయి, కింది పళ్ళలో సగం పోయాయి, వంటింట్లోకి దేనికి వెళ్ళానో గుమ్మం దగ్గరే మరిచిపోతున్నాను. కుళ్ళు మాత్రం పెట్టెలో దాచిన పట్టుచీరలా మడత నలగకుండా అలాగే ఉంది. ఊళ్ళోవాళ్ళ మీద కాదు. పక్కింటావిడ మేడ మీద మేడ కట్టినా, నాతోటి రచయితలకి శాలువాలు కప్పినా నాకు చీమ కుట్టినట్టయినా ఉండదు. నా కుళ్ళంతా మా చెల్లెలు సువార్త మీదే. అదీ దాని ఇల్లూ వాకిలీ చూసి కాదు. మా నాన్న కారు ముందు చక్రం దగ్గర, నేలమీద పరిచిన గోనెసంచి మీద, నాన్న పక్కన దానికి దొరికిన జాగా చూసి. ఆ జాగా నాకు కావాలి. అప్పుడూ కావాలి, ఇప్పుడూ కావాలి. నాన్న పోయి ఇన్నేళ్ళయ్యాక ఈ మాట పైకి అంటే నవ్వుతారని తెలుసు. నవ్వితే నవ్వండి.

పోయిన వారం సువార్త ఫోన్ చేసింది. నర్సుగా చేసి రిటైరైన మనిషి, గోపాలపట్నంలో ఉంటుంది. నాన్న కారు దాని దగ్గరే ఉంది. "అక్కా, కారు ముందు సక్రం టకటకమంటంది. ఎడం పక్క బాల్ జాయింట్ పోయినట్టుంది. శనివారం మార్సీద్దామనుకుంటన్నాను. ఇంకో మనిషి సెయ్యి ఉండాల. రాగలవేటి?" అంది. ఆ కారు చక్రం దగ్గరికి రమ్మని నన్ను పిలిచి ఒక జీవితకాలమైంది. వస్తానని నేను అనే లోపే, "ఎప్పుడూ మా అల్లుడు పట్టుకునేవోడు. ఆడికి ప్లాంటులో షిఫ్టు మారిపోనాది" అని తోక తగిలించింది. అంటే అల్లుడు దొరక్క నేనన్నమాట. పిలుపు అందిన సంతోషం కాస్తా ఆవిరైపోయి, చూస్తూ చూస్తూ ఆ అల్లుడి మీద కూడా కుళ్ళు పుట్టింది. బంగారంలాంటి కుర్రాడు, ఎదురుపడితే నా సంచీ అందుకుంటాడు. కానీ నాన్నని కళ్ళతో చూడనైనా లేదు, ఆ చక్రం దగ్గర అతనికేం పని అనుకున్నాను.

మేం పెరిగింది వన్ టౌన్‌లో, రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవలసిన సందులో. నాన్న పోర్టులో టగ్గు మీద ఇంజన్ మనిషి. పెద్ద ఓడల్ని తాళ్ళతో రేవులోకి లాక్కొచ్చే చిన్న బోటుని టగ్గంటారు. డ్యూటీ దిగి ఇంటికొస్తుంటే ముందు వాసన వచ్చేది, తరవాత నాన్న వచ్చేవాడు. డీజిలు, ఉప్పుగాలి, నోట్లో వక్కపొడి, అన్నీ కలిసిన వాసన. గాలి మా వైపు తిరిగిన రోజున ఓడల్లోకి ఎక్కించే ఖనిజం ఎర్రదుమ్ము వచ్చి దండెం మీది బట్టల మీద పడేది. అందుకని చర్చికి కట్టుకునే తెల్ల చీరని అమ్మ ఎప్పుడూ ఆరుబయట వెయ్యలేదు. మంచాల మధ్య తాడు కట్టి ఇంట్లోనే ఆరేసేది, మేం ఆ చీర కింద నుంచి వంగి వంగి తిరిగేవాళ్ళం. ఇప్పటికీ తడి నూలు చీర ముఖానికి తగిలితే నాకు ఆ ఇల్లు గుర్తొస్తుంది.

ఆ కారు బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర్నుంచి మాకు వచ్చింది. వచ్చేనాటికే అది ముసలిది. మీగడ రంగుది, ఎర్రదుమ్ము పడి నెలలో సగం రోజులు ఇటుక రంగులో ఉండేది. సందులోకి తెస్తే దారి మూసుకుపోతుంది గనక సందు మొదట్లో, మా కిటికీకి కనపడేలా, గోడ వారగా నిలిపేవాళ్ళు. ఆదివారం చర్చికి, అప్పుడప్పుడూ ఎలమంచిలిలో ఉండే మేనత్తగారింటికి తప్ప దాన్ని నడిపిందే తక్కువ. నాన్న దాన్ని నడపడం కన్నా బాగుచెయ్యడం కోసమే ఉంచుకున్నాడని అమ్మ దెప్పేది. సముద్రం పక్కన ఇనుము బతకడం కష్టం. ఉప్పుగాలి దూరుతుంది, ఇసక దూరుతుంది. టగ్గు మీద వారమంతా ఆ ఉప్పుతో కుస్తీ పట్టొచ్చి, సెలవు రోజున మళ్ళీ అదే కుస్తీ కారుతో పట్టేవాడు. డ్యూటీ లేని శనివారం మా ఇంట్లో తలంటుల రోజు, కారు రోజు కూడా. వాకిట్లో అమ్మ కుంకుడుకాయలు కొట్టి నానబెట్టేది. పక్కనే నాన్న కిరసనాయిలు పళ్ళెంలో మరలు నానబెట్టేవాడు. ఒకసారి అమ్మ పరధ్యానంగా కుంకుడు పళ్ళెం బదులు కిరసనాయిలు పళ్ళెంలో చెయ్యి పెట్టి, నా తల దాకా తెచ్చి, వాసనకి ఆగింది. ఆ రెండు వాసనలూ కలిస్తే ఆదివారం దగ్గరికొచ్చిందని మాకు అర్థం.

బాల్ జాయింట్ అంటే ఏమిటో నాన్న మాకు చెప్పింది కోడికూరతో. చర్చి నుంచి వచ్చాక అందరం కింద కూచుని తింటుంటే, తన కంచంలో తొడ ముక్క తీసి, ఎముక చివర గుండు ఎలా ఉందో చూపించాడు. "ఇదిగో, ఈ గుండు ఆ గిన్నెలో కూకుంటాది. అందుకే కోడి కాలు ఎటు తిప్పితే అటు తిరుగుతాది. కారు సక్రానికీ ఇదే. గుండు, గిన్ని, మద్దిలో గ్రీజు. పైన రబ్బరు టోపీ. టోపీ సిరిగిందా, ఇసక దూరతాది. ఇసక దూరితే గిన్ని అరిగిపోద్ది. అరిగిపోతే ఓ రోజు రోడ్డు మీద సక్రం ఇలా కాళ్ళు సాపీసి కూకుండిపోద్ది" అంటూ ఎముకని పక్కకి పడేసి చూపించాడు. కొత్త జాయింట్ కొనేటప్పుడు గుండుకున్న కాడని బొటనవేలితో అటూ ఇటూ నెట్టి చూడాలట. వేలి బలానికి లొంగకుండా బిగువుగా ఉంటే మంచిది, అది తిరగడానికి కారు బలం కావాలి. పాల పన్నులా ఊగితే అరిగిపోయినట్టు. అంతా చెప్పి, ఆ ఎముకని శుభ్రంగా చీకి, కడిగి, ఎవరికిచ్చాడనుకున్నారు? సువార్తకి. అది దాన్ని ఎండబెట్టి పలకల సంచిలో దాచుకుంది. కోడి ఎముక కోసం ఏడ్చిందని నన్ను అమ్మ చాలా కాలం ఏడిపించింది.

ఇక ఆ శనివారం సంగతి. నాన్న కారుని జాకీ మీద లేపి, జాకీని నమ్మకూడదని చెప్పి పోర్టు నుంచి తెచ్చిన చెక్క దిమ్మలు కింద పెట్టాడు. బాల్ జాయింట్ అరిగిందో లేదో చూడ్డానికి మా నాన్నదొక పద్ధతి. ఒకరు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఇంకొకరు కింద నుంచి చెయ్యి పోనిచ్చి, జాయింట్ మీద మూడు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకోవాలి. కళ్ళు తెరిచి ఉంటే వేళ్ళకి తెలియదనేవాడు. లోపల వదులుంటే వేళ్ళకి చిన్నగా టక్కుమని తగులుతుందట. అంతకు ముందు ఆ పనికి ఆటో నడిపే పొరుగాయనో, టగ్గు మీది మనిషో వచ్చేవాడు. వాళ్ళు కళ్ళు మూసుకుని అలా కూచుంటే అమ్మ కిటికీలోంచి చూసి ప్రార్థన చేస్తున్నారనుకుని మమ్మల్ని మాట్లాడొద్దనేది. ఆ రోజు ఎవరూ దొరకలేదు. "ఒలే పెద్దదానా, ఇలా రా!" అని పిలిచాడు నాన్న. నన్నే.

నేను ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. తలంటు కోసం నూనె రాసుకున్న జుట్టుతో, చేతిలో పుస్తకంతో వెళ్ళి గోనెసంచి మీద కూలబడ్డాను. నాన్న నా చెయ్యి పట్టుకుని జాయింట్ మీద పెట్టాడు. చల్లగా ఉంది, జిగటగా ఉంది. కళ్ళు మూసుకున్నాను. చక్రం ఊగింది. "తెలుస్తందేటి?" అన్నాడు. నేను వేళ్ళు ఇంకా గట్టిగా నొక్కాను. మళ్ళీ ఊపాడు. నా చెవుల్లో నా గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు. "నేదు నాన్నా. ఏటీ తెలవడం నేదు" అన్నాను. నాన్న ముఖం చిన్నబోయింది. నిన్న స్టీరింగ్ తిప్పుతుంటే చప్పుడైంది మరి, అని తనలో తాను అనుకుని, "సర్లే, నీకు రాదులే. ఎల్లి సదువుకో. సిన్నదాన్ని పిలు" అన్నాడు. తిట్టలేదు, కసరలేదు. కసిరినా బాగుండేది.

సువార్త వచ్చింది. నేను చెయ్యి పెట్టిన చోటే చెయ్యి పెట్టింది, నేను మూసుకున్నట్టే కళ్ళు మూసుకుంది. నాన్న చక్రం ఊపాడో లేదో, "తెలుస్తంది నాన్నా! టక్కుమంటంది!" అని కేక పెట్టింది. "సూసేవా! ఇదీ సెయ్యంటే!" అని నాన్న సందంతా వినపడేలా అన్నాడు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారే, ఆ సామెత అర్థం నాకు ఆ పూట తెలిసింది. నేను ఇంట్లోకెళ్ళి కిటికీ దగ్గర కూచుని, పుస్తకం మీద చూపు పెట్టి, వాళ్ళనే చూస్తున్నాను. చక్రం ఊడదీశారు. కాడకి ఉన్న మర కొంచెం వదులు చేశారు, పూర్తిగా తియ్యలేదు, తీస్తే ఒక్కసారిగా ఊడి మీద పడుతుందట. తరవాత దాన్ని పట్టుకున్న ఇనుప కన్నానికి ఒక పక్క పెద్ద సుత్తి ఆనించి సువార్త పట్టుకుంది, రెండో పక్క నాన్న ఇంకో సుత్తితో కొట్టాడు. అటు వెళ్తున్న ఆటో ఆయన బండి ఆపి, "ఏటి బావా, ఇయ్యాల ఆపరేషనా? రోగి బతుకుతాడేటి?" అని అరిచాడు. "నర్సమ్మ ఉంది గదా బావా, బతక్కేటవుతాడు!" అన్నాడు నాన్న, సువార్త నెత్తి మీద మోచేత్తో తట్టి. అది నర్సు అవుదామని అప్పుడే అనుకుందేమో నాకు తెలియదు. జాయింట్ ఊడి వచ్చాక నాన్న దాన్ని చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. తరవాత సువార్త వైపు చూశాడు. చిన్నకూతురు గొప్పతనం చూసి మురిసిపోతున్నాడనుకున్నాను. ఇక చూడలేక కిటికీ రెక్క వేసేశాను.

ఆ సాయంత్రం నాన్న ఆ పాత జాయింట్‌ని కిరసనాయిలుతో కడిగి, రంపపు పొట్టుతో తుడిచి, ప్రార్థన పుస్తకం మీద పెట్టాడు. మా ఇంట్లో సముద్రపు గాలికి పుస్తకం పేజీలు వాటంతట అవే తిరిగిపోయేవి, బరువు కోసం అప్పటిదాకా ఒక గులకరాయి ఉండేది. గులకరాయి పోయి, చెల్లెలు కనిపెట్టిన బాల్ జాయింట్ వచ్చింది. అప్పటినుంచి ప్రతి సాయంత్రం నాన్న దాన్ని ఎత్తి పక్కన పెట్టి, పుస్తకం తెరిచి, చదివి, మళ్ళీ మూసి దాన్ని మీద పెట్టేవాడు. పెట్టేటప్పుడు ఒక చిన్న నవ్వు, పెదాలు బిగబట్టినా ఆగని నవ్వు. అమ్మ ఆమెన్ అనేది, నేను మాత్రం ఆ నవ్వు చూసి లోపల ఉడికిపోయేదాన్ని. దాన్ని నేను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. పుస్తకం కావాలంటే అమ్మని తియ్యమనేదాన్ని. ఇల్లు ఊడుస్తూ బల్ల తుడిచినా దాని చుట్టూ తుడిచేదాన్ని.

ఆ తరవాత శనివారాలన్నీ సువార్తవే. దాని గోళ్ళ కింద నల్లటి గ్రీజు చూస్తే నాకు కడుపు మండేది. అమ్మ అది తోముకోమని తిడితే, ఆ తిట్లు నాకు పడితే బాగుండుననుకునేదాన్ని. కారు కింద నుంచి నాన్న నవ్వు వినపడేది, ఎందుకు నవ్వాడో నాకు తెలిసేది కాదు. ఒకటి పోతే రెండోది కూడా చూడాలని, టోపీ చిరగకముందే గ్రీజు పట్టించాలని, ఇలాంటి మాటలు వాళ్ళిద్దరూ అన్నం దగ్గర మాట్లాడుకుంటుంటే అమ్మా నేనూ చుట్టాల్లా వినేవాళ్ళం. నేను క్లాసులో మొదట వస్తే నాన్న మార్కుల కాగితం మీద సంతకం పెట్టి, "బాగుందమ్మా" అని జాగ్రత్తగా అంచు పట్టుకుని తిరిగిచ్చేవాడు, మసి అంటకుండా. నాకు మసి అంటాలనే ఉండేది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు నిజమే, కానీ ఒకసారి రాదన్నాక మళ్ళీ ఎలా అడగను? నా చెయ్యి మొద్దుదనే అనుకున్నాను. కుట్టుపనికీ రాదు, ముగ్గుకీ రాదు, ఇంజక్షను గుచ్చే డాక్టరుకి నా నరం కూడా దొరకదు. ఈ చేత్తో రాయడమే వచ్చు అనుకుని రాస్తూ వచ్చాను. నాన్న చివరి రోజుల్లో, "కారు సిన్నదానికి" అన్నాడు, దానికి వేరే మాట ఉంటుందా అన్నట్టు. నాకు అమ్మ కుట్టుమిషను వచ్చింది. నాకు కారు నడపడం రాదు, అయినా సరే.

శనివారం పొద్దున గోపాలపట్నం చేరేసరికి ఎండ ఎక్కింది. రోడ్డు మీద లారీలు, కొత్త కార్లు. ఇప్పుడు కారుకి చప్పుడొస్తే ఎవరూ కింద కూచోరు. ఫోన్ చేస్తే మనిషి వచ్చి తీసుకుపోతాడు, ఏం పోయిందో కంప్యూటరు చెబుతుంది, సాయంత్రానికి కడిగి తెచ్చి అప్పగిస్తారు. అది తప్పని నేననను. మా ఇంటి కారునీ మా అబ్బాయి అలాగే పంపిస్తాడు, అందులో కూచున్నప్పుడు నాకే భయమూ ఉండదు. కానీ ఆ కారు దగ్గర కూచోమని ఎవరూ ఎవరినీ పిలవరు. సువార్త వాకిట్లో నాన్న కారు అప్పటికే చెక్క దిమ్మల మీద ఉంది, అవే దిమ్మలు. గోనెసంచి పరిచి ఉంది. కొత్త జాయింట్ కోసం వన్ టౌన్ సందులన్నీ తిరిగి, పాత సరుకు పారెయ్యని ఒక దుకాణంలో పట్టుకుందట. "ముందు టీ తాగక్కా, తరవాత సూద్దాం" అని లోపలికి వెళ్ళింది.

ముందు గదిలో బల్ల మీద నాన్న ప్రార్థన పుస్తకం, దాని మీద ఆ జాయింట్. ఫ్యాను గాలికి పుస్తకం అంచులు రెపరెపలాడుతున్నాయి. ఎందుకో తెలియదు, కాసేపట్లో ఎలాగూ అలాంటిదాన్నే ముట్టుకోబోతున్నాననేమో, మొదటిసారి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. నాన్న కోడికూర దగ్గర చెప్పినట్టు బొటనవేలితో కాడని నెట్టాను. కదల్లేదు. రెండు చేతులతో పట్టుకుని నెట్టాను. కొంచెం కూడా కదల్లేదు. సువార్త టీ తెచ్చేసరికి నేను దాన్ని పట్టుకుని కూచునే ఉన్నాను.

"ఇదేటే, కదల్డం నేదు? తుప్పట్టీసిందేటి?" అన్నాను.

సువార్త టీ గ్లాసులు బల్ల మీద పెట్టింది. "తుప్పేటక్కా, నాన్న ఉన్నన్నాళ్ళూ దానికి గ్రీజు ఎట్టేవాడు, ఇప్పుడు నాను ఎడతన్నాను. అది అరగనే నేదు."

"అరగందాన్ని ఎందుకు తీసేడు?"

"నాను సెప్పేను గాబట్టి" అంది. కూచుంది. "నాకేటీ తెలవనేదక్కా ఆ రోజు. నువ్వు నేదన్నావు, నాన్న మొకం సిన్నబోనాది. నాను కూడా నేదంటే నన్నూ ఎల్లి సదువుకోమంటాడు గదా. బయమేసి తెలుస్తందన్నాను. తీసేక నాన్న దాన్ని ఊపి సూసేడు. రాయిలా ఉంది. నాకేసి సూసేడు. ఆ సప్పుడు ఇంకెక్కడిదో, దీంది కాదు. నాను ఏడుపు లంకించుకున్నాను. అక్కకి సెప్పొద్దు నాన్నా, అక్క నవ్వుతాది అన్నాను. సెప్పన్లే గుంటా, ఏడవకు అన్నాడు. కొత్తదే బిగించీసేడు."

"ఇంకేటన్నాడు?"

"పెద్దదాని సెయ్యే కరెస్టు, అన్నాడు. ఒక్కపాలి అన్నాడు. మరెప్పుడూ అన్లేదు."

"మరి నన్ను మళ్ళీ పిలవనేదేం?"

"పిలిస్తే నువ్వు ఎందుకని అడగవేటి? నువ్వు అడిగితే వదిలే మనిషివేటి? నాన్నకి అబద్దం రాదు. నాకు మాటిచ్చీసేడు." కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఏడుస్తూనే నవ్వింది. "దాన్ని సూసినప్పుడల్లా నాన్నకి నవ్వు ఆగేది కాదు. ప్రార్దన దగ్గర నాను తలెత్తేదాన్ని కాదు."

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఇంత నిలకడ అవసరమా అనిపించింది. నా చెయ్యి మొద్దుది కాదు. ఆ రోజు సందు మొదట్లో నిజం చెప్పింది నా చెయ్యొక్కటే. ఆ మాటకి నాకు సంతోషం రావాలి. రాలేదు. వచ్చింది మళ్ళీ కుళ్ళే, ముందుకన్నా ఎక్కువగా. ఇన్నాళ్ళూ చెల్లెలి చేతిని చూసి కుళ్ళుకున్నాను, ఇప్పుడు దాని అబద్ధాన్ని చూసి కుళ్ళుకున్నాను. నేను నిజం చెప్పి ఇంట్లోకి పోయాను. అది అబద్ధం చెప్పి నాన్న పక్కన కూచుంది. నాన్న దగ్గర ఉండిపోవాలన్న ఆశతో ఆడిన అబద్ధమని నాన్నకి తెలిసిపోయింది, దాన్ని ప్రార్థన పుస్తకం మీద పెట్టి పోయేదాకా కాపాడాడు. నాకూ అదే ఆశ ఉందని ఆయనకి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. పుస్తకం పట్టుకుని కిటికీ రెక్క వేసుకున్నాను. చెల్లెల్ని తిట్టాలని నోరు తెరిచి, టీ చల్లారిపోతోందని తాగేశాను.

తరవాత ఇద్దరం వాకిట్లోకి వెళ్ళాం. నన్ను గోనెసంచి మీద కూచోబెట్టడానికే సువార్తకి కొంత సేపు పట్టింది, నా మోకాళ్ళ సంగతి తెలుసు గదా. పెద్ద సుత్తి నా చేతికిచ్చింది. "ఆనించి పట్టుకో అక్కా. నాను కొడితే నీ సెయ్యి అదురుతాది, వదలకు." వదల్లేదు. మొదటి దెబ్బకి భుజం దాకా అదిరింది. కొన్ని దెబ్బలకి కాడ ఫట్‌మని వదిలింది, ఇద్దరం ఒకేసారి కేక పెట్టాం. ఊడి వచ్చిన జాయింట్ కాడ నిజంగానే పాల పన్నులా ఊగుతోంది, రబ్బరు టోపీ చిరిగి లోపల గ్రీజంతా ఇసకతో గరగరలాడుతోంది. కొత్తది కూచోబెట్టి, మర బిగించి, అది వదులవకుండా చీల దూర్చి, గ్రీజు పట్టించాం. ఆ కాసేపూ నేను ఎవరి మీదా కుళ్ళుకోలేదని ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది. నా గోళ్ళ కింద నల్లగా చేరింది. సువార్త కిరసనాయిలు గుడ్డ అందించింది. తుడుచుకోకుండా పక్కన పెట్టాను.

"ఒకటి పోతే రెండోది కూడా సూడాల" అంది సువార్త, నాన్న మాటే. కారుని కుడి పక్క లేపి, దిమ్మలు సర్ది, చక్రాన్ని పైనా కిందా పట్టుకుంది. "నువ్వు సెయ్యి ఎట్టక్కా." ఎట్టాను. మూడు వేళ్ళూ ఆనించి కళ్ళు మూసుకున్నాను. రోడ్డు మీద లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది, అది పోయేదాకా సువార్త ఆగింది. తరవాత చక్రం ఊపింది.

"తెలుస్తందేటి?"

నా వేళ్ళ కింద ఏమీ లేదు. మళ్ళీ ఊపింది. చల్లటి ఇనుము, రాయిలాగ ఉంది. ఇంకా చాలా ఏళ్ళు వచ్చే జాయింట్ అది. లేదు అంటే చేతులు కడుక్కుని, భోజనం చేసి, సాయంత్రం బస్సుకి నేను ఇంటికి పోతాను. వచ్చే వారానికి అల్లుడి షిఫ్టు మళ్ళీ మారుతుంది.

"తెలుస్తంది" అన్నాను.

చక్రం ఆగింది. కళ్ళు తెరిచాను. సువార్త టైరు మీద చేతులు అలాగే ఉంచి నాకేసి చూస్తోంది.

"టక్కుమంటందేటి?"

"టక్కుమంటంది."

దాని పెదాలు బిగుసుకున్నాయి. ఆ ముఖం నాకు తెలుసు. ప్రతి సాయంత్రం పుస్తకం మూసేటప్పుడు నాన్న పెట్టిన ముఖం అది. "అయితే దీన్నీ మార్సాల్సిందే" అంది. "వచ్చే శనివారం పెందలాడే వచ్చీ."

"మీ అల్లుడికి సెలవున్నా సరే, నానే వస్తాను. తీసిన పాతది మటుకు నాది" అన్నాను.